తంపర పక్కన పురిటిల్లు

ఎచ్చెర్ల అంటే జిల్లావాళ్లకు ముందు గుర్తొచ్చేది చదువు. 2008లో పెట్టిన అంబేద్కర్ యూనివర్సిటీ ఇక్కడే, ట్రిపుల్ ఐటీ ఇక్కడే. ఊరిని ఆనుకునే జాతీయ రహదారి. సెలవు దొరికితే పిల్లలైనా పంతుళ్లైనా బస్సెక్కేది విశాఖకే: జూ, కంబాలకొండ, బీచి. శ్రీకాకుళం మీదుగా ఉత్తరానికి పోయేవాళ్లు తక్కువ. చూడవలసింది మాత్రం అటే ఉంది.

నాగావళి దాటి, మడపాం దగ్గర వంశధార దాటి, టెక్కలిలో సముద్రం వైపు తిరిగితే, పక్షులు గూళ్లు కట్టుకునే తేలినీలాపురం. ఎచ్చెర్ల నుంచి సుమారు 70 కిలోమీటర్లు. పొద్దున్నే టిఫిను చేసి బయల్దేరితే చీకటి పడేలోగా ఇల్లు చేరొచ్చు.

అడవి, గేటు, జీపు సఫారీ ఊహించుకుని వచ్చినవాళ్లకు మొదట నిరాశే. ఇది ఊరు. ఇళ్లున్నాయి, పెరళ్లున్నాయి. ఆ చెట్ల మీదే గూళ్లు. కొమ్మలు సున్నం కొట్టినట్టు తెల్లబారి ఉంటాయి, గాలి తిరిగితే నీచు వాసన గుప్పుమంటుంది. ముక్కు మూసుకోవడం మర్యాద కాదు. ఊరివాళ్ల లెక్కలో ఈ పక్షులు పురిటికొచ్చిన ఆడపడుచులు.

వచ్చేవి ప్రధానంగా రెండు జాతులు: గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ. వర్షాలు తగ్గుముఖం పట్టాక వచ్చి గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. బైనాక్యులర్ ఉంటే ఒక్క గూటి మీదే పెట్టి కాసేపు ఓపిక పట్టాలి. తల్లి గూడబాతు వాలుతుంది, నోరు తెరుస్తుంది. పిల్ల తన తలనీ మెడనీ ఆ గొంతుసంచిలోకి దూర్చేస్తుంది. తల్లి పిల్లను మింగేస్తోందా అనిపిస్తుంది. లోపల జరుగుతున్నది చేపల భోజనం. పక్క కొమ్మ మీద ఎర్రకాళ్ల కొంగ పసుపు ముక్కు, నారింజ మొహం, తోక దగ్గర గులాబీ ఈకలతో పెళ్లికి ముస్తాబైనట్టుంటుంది.

వీటిని ‘సైబీరియా పక్షులు’ అనడం అలవాటైపోయింది. పత్రికలూ అదే రాస్తాయి. ఈ రెండూ మన దేశపు పక్షులే. దక్షిణాసియా చెరువుల మధ్యే నీటినీ చేపనీ వెతుక్కుంటూ తిరుగుతాయి. సైబీరియాలో గూడు కట్టవు. పైగా, గూడు కట్టేది మన పెరట్లో అయినప్పుడు పుట్టిల్లు ఎక్కడో వెతకడం దేనికి?

ఇక్కడికే ఎందుకొస్తాయంటే, చెట్ల కోసం మాత్రమే కాదు. దగ్గర్లోనే నౌపడ ఉప్పు మడులు, చిత్తడి నేలలు. ఆ చిత్తడిని ఇక్కడ తంపర అంటారు, సోంపేట వైపు బీల అంటారు. మోకాలి లోతు నీళ్లలో ముక్కు సగం తెరిచి ముంచి, తగిలిన చేపను టక్కున పట్టేది ఎర్రకాళ్ల కొంగ. లోతు పెరిగినా, పూడిపోయినా దానికి అన్నం లేదు. ఈ నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దని జరిగిన పోరాటాల్లో 2010 జులైలో సోంపేట దగ్గర, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో పోలీసు కాల్పులకు మనుషులు చనిపోయారు. వాళ్లు పోరాడింది చేపల కోసం, పంటల కోసం. పక్షులు తినేదీ ఆ నీళ్లలోనే. నీళ్లకే కాదు, చెట్లకూ గండాలున్నాయి: 2018 అక్టోబరు 11 వేకువన పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం ప్రాంతపు కొబ్బరితో పాటు ఎన్నో చెట్లను కూల్చింది.

జులైలో వెళ్తే తేలినీలాపురంలో ఖాళీ కొమ్మలే మిగులుతాయి. అప్పుడు కారు ఒడిశా సరిహద్దు దాకా, ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచి వరకూ పోనివ్వాలి. అక్కడ వానాకాలమే సీజను, వచ్చేది నత్తగుల్ల కొంగ. పై ముక్కుకీ కింది ముక్కుకీ మధ్య సందుంటుంది. వరిమళ్లలోని నత్తను పట్టి, గుల్లలోంచి మాంసాన్ని బయటికి లాగుతుంది. పిల్లలకు మాత్రం ఆ సందు ఉండదు. పెద్దయ్యే కొద్దీ ఏర్పడుతుంది.