పానా పట్టిన పంతులు

మోటారుబండిపై ఊళ్లు తిరుగుట పడుచువారి వేడుక యనియు, చెడిన బండిని బాగుచేయుట చదువు రానివారి జీవనోపాయమనియు మనలో పెక్కుమందికి స్థిరమైన యభిప్రాయము కలదు. నాకును నలువదిరెండేండ్లు వచ్చునంతవరకు ఆ యభిప్రాయమే యుండెను. ఇరువదియేండ్లుగా పాఠశాలలో సంస్కృతమును, ఇంగ్లీషును చెప్పుచున్నాను. సుద్దముక్కయు, ఎఱ్ఱసిరా కలమును తప్ప నా చేతికి వేఱు పనిముట్టు తెలియదు. ఇంటిలో ఒక మేకు కొట్టవలసివచ్చినను ఎదురింటివారిని పిలిచెడివాడను. అందులకు సిగ్గుపడుటకు మాఱు కొంచెము గర్వపడుచునే యుంటినేమో యని యిప్పుడు తోచుచున్నది.

అట్టి నేను నాలుగేండ్ల క్రిందట 1984వ సంవత్సరపు బుల్లెట్టు బండి నొకదానిని 35,000 రూపాయలకు కొంటిని. ఏల కొంటివని యడిగిన మిత్రులకు తలకొక కారణము చెప్పితిని. నిజమైన కారణ మొక్కటే. నా బాల్యమున మా వీథిలో నొక ఓవర్సీయరుగారు అట్టి బండిపై ఆదివారములందు మారేడుమిల్లి కొండలకు పోవుచుండెడివారు. అరుగుమీద కూర్చుండి శబ్దములు వల్లించుచున్న నాకు ఆ బండి మలుపు తిరిగిన చప్పుడు వినబడినంతనే విభక్తి తప్పెడిది. మా తండ్రిగారి చేయి నా వీపుపై పడెడిది.

కొన్న బండి పదునొకండేండ్లు ఒక పెంకుటింటి చావడిలో గడ్డిమోపుల వెనుక నిలిచియున్నది. చక్రములు తిరుగవు. టంకి లోపల చేయి పెట్టిన తుప్పు పొడియై రాలును. ఇంజనులోని నూనె తారువలె నుండెను. రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగిసిన పిదప ఐదేసి యేండ్లకు పొడిగింపవలసియుండగా, యజమాని గతించుటచే అదియు తప్పిపోయినది. అయినను ఇంజనుపై చెక్కిన సంఖ్యయు, చట్రముపై చెక్కిన సంఖ్యయు పత్రములోని సంఖ్యలతో సరిపోయినవి గనుక సాహసించితిని. క్రొత్తగా కొనువారు బండి మెఱుగును చూతురు. ముందుగా చూడవలసినవి ఈ రెండు సంఖ్యలు. మెఱుగు పిమ్మట పెట్టుకొనవచ్చును, సంఖ్య పెట్టుకొనరాదు.

ఈ బండి వంశకథ కొంత చిత్రమైనది. పుట్టినిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణము. 1955లో మదరాసువారితో కలిసి ఇచ్చట సంస్థ యేర్పడి, తిరువొత్తియూరున కర్మాగారము వెలసెను. 1970 ప్రాంతమున పుట్టినింట దీపమారినను, మెట్టినింట ఆ పాత యచ్చులోనే దశాబ్దములపాటు బండ్లు తయారగుచుండెను. అందుచేత నలువదియేండ్ల బండికి నేటికిని సామానులు దొరకుచున్నవి. ఈ సంగతి తెలిసికొనిన పిదప నాకు ధైర్యము మితిమీరినది.

ఇంగ్లీషులోనున్న మరమ్మతు గ్రంథమొకటి సంపాదించి, పెరటిలో జామచెట్టు క్రింద పని ప్రారంభించితిని. మొదటి వారమంతయు పరిభాషా నిర్మాణముతో గడచెను. ప్లగ్గునకు ‘స్ఫులింగకీలక’మనియు, కార్బొరేటరునకు ‘ఇంధనవాయుమిశ్రక’మనియు పేరులు పెట్టి ఒక పుస్తకమున వ్రాసికొంటిని. పదునాలుగేండ్ల నా కుమార్తె అది చదివి, “నాన్నా, సామాన్ల కొట్టుకెళ్లి ఈ పేరు చెప్పి అడుగు, ఏమిస్తారో చూద్దాం” అనెను. ఆ పుస్తకము నిప్పటికిని దాచియుంచితిని, ఇతరులకు చూపను.

కార్బొరేటరులో జెట్టు అనబడు చిన్న ఇత్తడి ముక్క యుండును. దాని నడుమ వెండ్రుకవాసి రంధ్రము. పెట్రోలు ఆ దారినే పోవలెను. పదునొకండేండ్ల పెట్రోలు ఎండి బంకయై దానిని మూసివేసినది. గ్రంథమున ‘శుభ్రపఱుపుడు’ అని యుండెను. నేను మా యింటి కుట్టుసూదితో శుభ్రపఱచితిని. ఇత్తడికంటె ఉక్కు గట్టిదను మాట ఆఱవతరగతి పిల్లలకు తెలియును. రంధ్రము పెద్దదయ్యెను, పెట్రోలు హెచ్చుగా పోయెను, తన్నగా తన్నగా ఇంజను రెండుమాఱులు దగ్గి ఊరకుండెను, ప్లగ్గు మసిపట్టెను. దానిని తీసి తుడిచి మరల బిగించుచుంటిని. అది కొంచెము వాలుగా పట్టుకొన్నది. గట్టిగా నున్నదని పానా వేసితిని. ఇంకను గట్టిగా నున్నదని పానాకు గొట్టము తొడిగి బలముగా త్రిప్పితిని. ఒక్కసారిగా తేలికయైనది! దిగినదని సంతసించితిని. ఆ హెడ్డు అల్యూమినియముది, ప్లగ్గు మర ఉక్కుది. దిగినది ప్లగ్గు కాదు, తెగినది మర.

మఱునాడు నేనును, నా కుమార్తెయు బండిని రెండు కిలోమీటర్లు త్రోసికొనుచు గోకవరం బస్టాండు దగ్గఱ నున్న సాయిబు షెడ్డునకు పోయితిమి. అతనికి అరువది దాటినవి. నలువదియైదేండ్లుగా ఈ బండ్లతోనే జీవనము. “ఏమోయ్ సాయిబూ, దీన్ని నువ్వు బాగుచెయ్యగలవా?” అని యడిగితిని. అతడు రంధ్రములో చిటికెనవ్రేలు పెట్టి, కన్నులు మూసికొని, ఒక చుట్టు త్రిప్పెను.

“మర పోయిందండి పంతులుగారూ. పానాతోనే మొదలెట్టేరా?”

“పుస్తకంలో అలాగే ఉంది.”

“ఆయ్, పుస్తకంలో చేతి బరువు రాయరు కదండీ.”

మూడు నాలుగు చుట్లు వ్రేళ్లతోనే త్రిప్పి, తేలికగా దిగినదని తెలిసిన తరువాతనే పానా వేయవలెనట. ఆ వాక్యము గ్రంథములోను ఉన్నది, నేను దాటవేసితిని. హెడ్డు విప్పి, లేతుపై రంధ్రమును పెద్దది చేయించి, లోపల క్రొత్తమర గల బుష్షు బిగించుటకు వారము పట్టెను. సూదితో చెఱచిన జెట్టును అతడు వెలుతురుకు పట్టి చూచి ఏమియు అనక డబ్బాలో పడవేసి, క్రొత్తది తెప్పించెను. తాను మాత్రము జెట్టులను పెట్రోలులో నానవేసి, గాలి కొట్టి, అప్పటికిని పోనిచో కొబ్బరి చీపురుపుల్ల కొనను సన్నగా చెక్కి పొడుచును. పుల్ల విరుగును గాని ఇత్తడి అరుగదు.

అటుపిమ్మట ప్రతి ఆదివారమును మేమిద్దరము ఆ షెడ్డులో నుంటిమి. నేర్చికొనవలసినది చేతి బరువేనని క్రమక్రమముగా తెలిసినది. వాల్వులను లేపు కడ్డీలు రెండుండును. ఇంజను చల్లగా, వాల్వులు రెండును మూసికొనియున్నప్పుడు, ఆ కడ్డీ రెండువ్రేళ్ల నడుమ సులభముగా తిరుగవలెను గాని, మీదికి క్రిందికి కదలరాదు. కొలబద్ద లేదు; వ్రేళ్లే కొలబద్ద. నాకు ఎన్నిమాఱులు చూచినను రెండును ఒకటిగానే తోచెడివి. నా కుమార్తె మొదటిదినముననే “ఇది బిగువుగా ఉంది తాతగారూ” అనెను, అట్లే యుండెను. బండిని లేపుటకును ఒక పద్ధతి కలదు. తాళము త్రిప్పి, కిక్కును మెల్లగా నొక్కుచు, దీపముదగ్గఱనున్న అమ్మీటరు సూదిని చూడవలెను. పాయింట్లు కలిసియున్నంతసేపు సూది ఒక ప్రక్కకు వాలియుండును. అవి విడినంతనే నడుమకు వచ్చును. అప్పుడు ఎడమచేతిక్రింది చిన్న పిడిని నొక్కిపట్టి, పిస్టనును శిఖరముపైనుండి కొంచెము దాటించి, పిడి విడిచి, అప్పుడు తన్నవలెను. ఇది తెలియక తన్నిన దినమున బండి నన్ను తిరిగి తన్నెను. పది దినములు కుంటుచు పాఠశాలకు పోయితిని. “మాస్టారుగారిని ఎవరు కొట్టేరు?” అని పిల్లలు తమలో తాము అడుగుకొనిరి.

ఇంటిలో మా యమ్మకు నా కుంటుకంటె మనుమరాలి గోళ్లు నలుపెక్కుట యెక్కువ బాధగా నుండెను. “పెళ్లి కావలసిన పిల్ల” అని ప్రారంభించి చాలసేపు చెప్పెను. నేను సంస్కరణమునుగూర్చి నాలుగు మంచి మాటలు చెప్పితిని. నా కుమార్తె యేమియు చెప్పక మఱునాటి ఆదివారము ముందుగా పోయి బండిదగ్గఱ నిలిచెను. కొన్నివారములకు మా యమ్మయే కుంకుడురసము కాచి, శనగపిండి కలిపి, దొడ్డి గట్టుమీద పెట్టుచుండెను. గొణుగుట మాత్రము మానలేదు.

ఒక ఆదివారము సాయంకాలము తిరిగివచ్చుచుండగా నా కుమార్తె అడిగెను: “నాన్నా, తాతగారు నీకంటె పెద్ద కదా. ఆయన్ని నువ్వు అంటావేం?”

“అది చనువమ్మా” అంటిని.

“మరి ఆయన నిన్ను మీరు అంటారే?”

బ్యాంకిలో నా శిష్యుని యీడు గుమాస్తాను నేను ‘మీరు’ అందును. మండల కచేరిలోని బంట్రోతునకు పనియున్న దినమున ‘అండీ’ చేర్తును. మా చాకలియు, కుట్టుపనివాడును, తలుపులు చేసిన వడ్రంగి ముసలివాడును, ఈ సాయిబును నాకు ‘నువ్వు’. సంస్కృతమున ‘త్వమ్’ అనక ‘భవాన్’ అన్నచో క్రియను ప్రథమపురుషమున వాడవలెనని, ఎదుటివానిని దూరపువానివలె ఎత్తున నిలిపి గౌరవించుట అందలి సొగసని ప్రతి సంవత్సరమును తరగతిలో చెప్పుదును. ఇంగ్లీషువారికి ‘యూ’ అను నొక్క మాటయే చాలునని కూడ చెప్పుదును. తెలుగున నేనేమి చేయుచున్నానో పరీక్షింపలేదు. చదివినవాడు చేతిపనివానిని ‘నువ్వు’ అనుట మనలో వ్యాకరణముకంటె పాతనియమము. ఎవరును నేర్పకయే వచ్చును. పైన నేను వ్రాసినదానిలో ‘అతడు’ ‘పెట్టెను’ ‘త్రిప్పెను’ అని యున్నది. దిద్దవలెననుకొని, అప్పటి నా బుద్ధి అట్టిదే గనుక దిద్దక విడిచితిని.

తరువాతి ఆదివారము ప్రయత్నపూర్వకముగా, “సాయిబుగారూ, మీరు ఆ గొలుసు చూశారా?” అంటిని. ఆయన చేతిలోని గుడ్డ క్రింద పెట్టి నావైపు చూచిరి.

“ఏం పంతులుగారూ, పనిలో ఏమన్నా లోటొచ్చిందా? వేరే షెడ్డుకి తీసుకెళ్తారా ఏంటి?”

కాదని చెప్పితిని. కారణము చెప్పబోయి నత్తిపడితిని. “పెద్దవారు కదా” అంటిని. “నిన్నా మొన్నా పెద్దోణ్ణి కాదాండీ?” అనిరి. దానికి నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఆ దినమున ఆయన ఎక్కువగా మాటాడలేదు. ‘పంతులుగారూ’ పోయి ‘సార్’ వచ్చెను. గౌరవము చూపబోయి, ఉన్న చనువును పోగొట్టుకొంటినా యని రాత్రి నిద్రపట్టలేదు. మరల ‘నువ్వు’ అందునా? అదియు నోటికి రాలేదు. మూడు నాలుగు వారములు మా యిద్దఱి మధ్య పదములు చెడిన గొలుసువలె పట్టుచు జారుచు నుండెను.

ఒకనాడెవరో క్రొత్తరకపు బండిని తెచ్చి విడిచిరి. దాని తీగల పటమంతయు ఇంగ్లీషు. ఆయన దానిని త్రిప్పి త్రిప్పి చూచి, నావైపు చూడక, “ఇది చదువుతారా?” అని అడిగిరి. ఏ రంగు తీగ ఎచ్చటికి పోవునో చదివి తెలుగున ఒక కాగితముపై వ్రాసి యిచ్చితిని. నా ‘స్ఫులింగకీలకము’ వంటి దొక్కటియు అందులో లేదు. ఆయన ఆ కాగితమును గోడకు అంటించిరి. నా పరీక్షాపత్రముల కెన్నడును అంత మర్యాద జరుగలేదు.

ఐదునెలలకు బండి సిద్ధమైనది. టంకిలో గులకరాళ్లును కిరసనాయిలును పోసి ఊపి ఊపి తుప్పు వదలించితిమి. నా భుజములు దాని కథ చెప్పగలవు. పరీక్షాధికారి చూచి రిజిస్ట్రేషనును పొడిగించెను. దీనికి గేరు కుడికాలిక్రింద, వెనుక బ్రేకు ఎడమకాలిక్రింద నుండును. నేటి బండ్లకు తలక్రిందులు. ఆ సంగతి క్షణకాలము మఱచి మొదటిదినముననే ఎదురింటివారి మందారపొదలో ప్రవేశించితిని. చెట్టుకు హాని లేదు.

డిసెంబరులో ఒక ఆదివారము తెల్లవాఱుజామున నేనును, నా కుమార్తెయు శిరస్త్రాణములు ధరించి మారేడుమిల్లికి బయలుదేఱితిమి. రాజమహేంద్రవరమునుండి గోకవరము, రంపచోడవరముల మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. రంపచోడవరము దాటి ఎత్తు ప్రారంభమైన పిదప ఇంజను తడబడెను; మఱికొంత దూరము పోయి ఆగెను. ఇరుప్రక్కల వెదుళ్లు, మంచు. ఫోను పలుకదు. పెట్రోలు వచ్చుచున్నది. ప్లగ్గును తీసి హెడ్డునకు ఆనించి తన్నగా, నిప్పురవ్వ ఉండీ లేనట్లు కనబడెను. పాయింట్ల మూత విప్పితిమి. 0.35 మొదలు 0.40 మిల్లీమీటర్ల వఱకు నుండవలసిన సందు దాదాపు మూసికొనిపోయినది. క్రొత్త పాయింట్లకు మడమ మొదట కొంత అరుగును. అరిగినకొలది సందు తగ్గును. నేను మర వదలు చేసితిని, నా కుమార్తె కొలతరేకు పెట్టి “ఇంకొంచెం… చాలు” అనెను. ప్లగ్గును వ్రేళ్లతో నాలుగు చుట్లు త్రిప్పి, అప్పుడు పానా వేసితిని. సూది నడుమకు వచ్చెను. తన్నితిని. కొండ యంతయు ఆ చప్పుడు మాఱుపలికెను.

మారేడుమిల్లిలో ఫోను పలుకగానే సాయిబుగారిని పిలిచి జరిగినదంతయు చెప్పితిని.

“మడమ అరిగుంటుంది, నేననుకుంటూనే ఉన్నాను. రేకు ఎంత పెట్టావు?”

“పదిహేను తౌ అండి.”

“మర బిగించేక మళ్లీ కొలిచావా, లేదా? బిగించేటప్పుడు జరుగుద్ది.”

“కొలిచామండి.”

“సూది చూసే తన్నావా?”

“చూశానండి.”

ఆయన కొంచెమాగి, “ఏదీ, ఫోను అమ్మాయికియ్యి” అనిరి.

ఇచ్చితిని.