షేక్ జాయెద్ మసీదులో మగ్గమెరిగిన చూపు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా బతుకుదెరువుకై గల్ఫ్ దేశాలకు వెళ్తున్నవారు సెలవుదినాల్లో చూసివచ్చే కట్టడాలలో అబుదాబిలోని షేక్ జాయెద్ గ్రాండ్ మసీదు ఒకటి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ తొలి అధ్యక్షుడు షేక్ జాయెద్ సంకల్పించిన ఈ మసీదు నిర్మాణం 1996లో మొదలై 2007లో ముగియగా, 2004లో మరణించిన ఆయన సమాధి ఈ ఆవరణలోనే ఉంది.

అన్ని మతాలవారికీ ఇక్కడ ఉచిత ప్రవేశం ఉన్నా, స్త్రీలు తలతో సహా ఒళ్ళంతా కప్పుకోవాలి, పురుషులు మోకాళ్ళు కనిపించే దుస్తులు వేసుకోరాదు, మందిరంలో అడుగుపెట్టే ముందు అందరూ చెప్పులు విడవాలి. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు, అంటే కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేసే మొక్కు తీర్చుకుని, ఆ ప్రాంగణంలోని దర్గాలోనూ దండం పెట్టుకునే ఆచారాన్ని చిన్ననాటి నుంచి ఎరిగినవారికి పరమత మందిరంలో భక్తితో మెలగడం కొత్త కాదు.

సిరియా వాస్తుశిల్పి యూసఫ్ అబ్దెల్కీ రూపకల్పన చేసిన ఈ కట్టడానికి 82 గుమ్మటాలు, నూరు మీటర్లకు మించిన నాలుగు మినార్లు ఉన్నాయి. ప్రాంగణం చుట్టూ నిలిచిన పాలరాతి స్తంభాలపై పూలతీగలు చిత్రించినవి కావు. రాతిలో గాడులు తొలిచి, వాటి ఆకారానికి కోసిన రంగురాళ్ళను పొదిగి, పైతలాన్ని నున్నగా అరగదీసే ఈ పచ్చీకారీ పనితనమే తాజ్‌మహల్‌లోనూ కనిపిస్తుంది.

మగ్గం పని తెలిసిన సిరిసిల్లవాసి చూపు ఎక్కువసేపు నిలిచేది ప్రధాన ప్రార్థనామందిరంలోని తివాచీ మీద. 5,627 చదరపు మీటర్ల ఈ తివాచీకి అలీ ఖాలికీ నమూనా గీయగా, ఇరాన్‌లో సుమారు 1,200 మంది చేతితో నేశారు. మరమగ్గంలో పేక పోగు పడుగు మధ్య నుంచి క్షణంలో దూసుకుపోతుంది. ఇక్కడ మాత్రం పడుగు పోగులకు ఉన్నిని ఒక్కొక్క ముడిగా వేళ్ళతో కట్టి, వరుస పూర్తయ్యాక పేకను దూర్చి బిగించాలి. ముక్కలుగా నేసి తెచ్చి మసీదులోనే జతపరచిన ఈ తివాచీలో, ప్రార్థించేవారు వరుస తప్పకుండా నిలబడేందుకు ఉన్నిని సన్నగా కత్తిరించి గీతలు తీర్చారు.

కట్టించినవారి సంపదను బట్టి ఆరాధనామందిరాల గొప్పతనాన్ని అంచనా వేయడం పరిపాటి కాగా, చేతిపని ఎరిగినవారు వాటిని ముడులతో, పొదిగిన రాళ్ళతో, వాటి వెనుక ఉన్న శ్రమతో కొలుస్తారు. కూలి, అప్పు, వీసాల లెక్కలకే పరిమితమవుతున్న గల్ఫ్ వలస చరిత్రలో, పరదేశపు కళను తమ వృత్తిజ్ఞానంతో అర్థం చేసుకున్న ఈ కార్మికుల చూపుకూ చోటు దక్కాలి. అప్పుడే వారు శ్రామికులుగానే కాక, కళను తూచగల ప్రేక్షకులుగా కూడా ఆ చరిత్రలో నిలుస్తారు.