పది అడుగుల గది

"కొట్టు తెరిపించానే. మీ అమ్మ దాచిన సీరియల్ కాగితాలు పట్టుకుని ఒకసారి రా" అని పిన్ని ఫోన్ చేసింది. బాబాయి పోయాక ఆ షట్టరు పైకి లేవగా నేను చూడలేదు.

బెజవాడ సత్యనారాయణపురంలో, రెండు వీధులు లోపలికి వెళ్తే, పది అడుగుల గది. ఒకప్పుడు ఎస్‌టీడీ బూత్. రాత్రి పదకొండు దాటితే చార్జీ తగ్గుతుందని జనం ఆ అరుగు మీద కూర్చుని కాచుకునేవాళ్లు. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ పోయింది, జిరాక్సు మిషను కొన్నాళ్లు నడిచి ఆగింది. పసుపు బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయి ఇంకా ఉన్నాయి. అద్దాల క్యాబిన్ కూడా ఉంది. నేను వెళ్లేసరికి దాంట్లో ఒక పిల్ల తలుపేసుకుని బొమ్మల పుస్తకం చదువుకుంటోంది.

గదిలో సగం ఒక బైండరుది. ఆయన పని చేసుకునే పాత ప్రెస్సు పడగొట్టి అపార్టుమెంటు కడుతున్నారు. అద్దె బదులు కరెంటు బిల్లు కట్టాలి, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ఎవరు కూర్చుని చదువుకుంటామన్నా కాదనకూడదు. పిన్ని పెట్టిన షరతులు ఇవే. గోడకున్న పుస్తకాలన్నీ వీధిలోవాళ్లు అటక మీంచి దించి ఇచ్చినవి, ఆయన బాగుచేసినవి.

చూడాల్సింది ఆయన చేతుల్ని. అమ్మ కట్ట విప్పి, తుప్పుపట్టిన పిన్నులు ఒక్కొక్కటే గోటితో లేపి తీశారు. కాగితం చిరగలేదు. ఆకుల్ని నాలుగు వైపులా బల్ల మీద తట్టి సమం చేసి, దారాన్ని కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగారు. మైదాపిండి ఉడికించిన గిన్నె పక్కనే ఉంది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు. ఆ నీలం ఆయన గోళ్ల సందుల్లో నిలిచిపోయింది.

"పూర్వం ఫారాలు మడిచి, మడత మధ్యలో కుట్టేవాళ్లం తల్లీ. పుస్తకం చాప పరిచినట్టు తెరుచుకునేది. ఇప్పుడు మడత కోసేసి గమ్ము పూస్తున్నారు. ఎండాకాలం రెండు సార్లు తెరిస్తే ఆకులు ఊడొస్తాయి. మడతే లేకపోతే నేను మాత్రం ఎక్కడ కుట్టను? పక్కన పొడిచి కుట్టాల్సిందే. అప్పుడది పూర్తిగా తెరుచుకోదు." ఆయనకు అది సొంత నష్టంలా ఉంది. నాకూ అలాగే అనిపించింది.

ఆ వీధి చివరిదాకా నడిచి మూసి ఉన్న షట్టర్లు ఏడు లెక్కపెట్టాను. పెద్ద అడ్వాన్సు ఇచ్చేవాడు వస్తాడని కొన్ని, అన్నదమ్ముల పంపకం తేలక కొన్ని. దుమ్ము పట్టినా ఫర్వాలేదుగానీ తక్కువకు ఇస్తే ధర పడిపోతుందని భయం. ఈ లెక్క నాకు కోపం తెప్పిస్తుంది. పనిచేసే చేతులకు చోటు లేదు, చోటుకు చేతులు లేవు. మధ్యలో వీధిలో ఏమీ కొనకుండా కూర్చోగలిగిన జాగా ఒక్కటీ మిగల్లేదు.

చాప మీద పేపరు చదువుతున్న పెద్దాయన ఎవరితోనో అంటున్నారు: "ఇంటిపన్నుతో పాటు లైబ్రరీ సెస్సు కడుతూనే ఉన్నానండీ ఇన్నేళ్లూ. మా పక్క శాఖకు వెళ్తే విరిగిన కుర్చీ, పాత పేపర్లు." నిజమే. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద పన్నులో రూపాయికి 8 పైసలు అందుకోసమే వసూలు చేస్తున్నారు. ఆ డబ్బులో వీధికొక అద్దెగది ఎందుకు రాకూడదు? ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది ఈ ఊళ్లోనే. గది లేదని వాళ్లు ఆగలేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాల్ని పడవకెక్కించి కాలువ వెంట ఊళ్లకు పంపారు. మనకు పడవ కూడా అక్కర్లేదు. గదులున్నాయి, తాళాలు తీయాలి.

ఇంతలో బైండరు చెయ్యి ఆగింది. కుట్టే ముందు వారాల అంకెలు వరసగా చూస్తున్నారు.

"పదిహేడో వారం లేదమ్మా."

అమ్మ ఆ వారం పత్రిక ఎవరికైనా చదవడానికిచ్చి ఉంటుంది, తిరిగి రాలేదేమో. అడుగుదామంటే ఇప్పుడు అమ్మ లేదు.

"తెల్లకాగితాలు నాలుగు పెట్టి కుడతాను. ఎప్పుడైనా దొరికితే అతికించుకోవచ్చు."

పెద్దాయన పేపరు మడిచారు. "ఏ సీరియలమ్మా? ఏ సంవత్సరం?" చెప్పాను. "మా ఆవిడా చింపి దాచేది. మేడ మీద ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఆ రోజుల్లోవే." చెప్పులేసుకుని, కర్ర అందుకుని అరుగు దిగారు.

సూదిలో దారం ఎక్కించి ఉంది. బైండరు దాన్ని గోడకున్న మేకుకు తగిలించి, కట్ట మీద ఇనుపదిమ్మె పెట్టి, బీడీ వెలిగించుకోవడానికి బయటికి నడిచారు.