చల్లపల్లి కోట గుమ్మమున

గడచిన సంక్రాంతి సెలవులలో మేము మావారితోను, అత్తగారితోను, కుమార్తెతోను మొవ్వ వేణుగోపాలస్వామిని సేవించుకొని, అచ్చటినుండి దక్షిణముగా చల్లపల్లికి పోయి వచ్చితిమి. దారిపొడుగున వరికుప్పలు, కోతలైన చేలలో అప్పుడే తలలెత్తుచున్న మినుము.

మొవ్వస్వామి పేరునే ముద్రగా నుంచి పదములు పాడిన వరదయ్య, క్షేత్రములు తిరిగి తిరిగి క్షేత్రయ్య యనిపించుకొనెను. ఆ పేరు ఆయనకు తండ్రివలన రాలేదు, కొడుకునకు పోలేదు. మేము పోవుచున్న చల్లపల్లి మాత్రము తండ్రినుండి పెద్దకొడుకునకు సంక్రమించు బిరుదునకు పుట్టినిల్లు. ఆనాడు మా చేతిసంచిలో నొక కాగితమును ఉండెను. మా తండ్రిగారు గతించి సంవత్సరము నిండినది. పుట్టినింటి పొలముపై మాకు హక్కు లేదని వ్రాలు చేయుమని అన్నగారు పంపిన విడుదల పత్రమది.

కోట గుమ్మము ముందు నిలిచినప్పుడు, మావారు చరిత్ర బోధించువారు గాన, ఆ యింటి కథ చెప్పిరి. చల్లపల్లివారిది దేవరకోట జమీ. యార్లగడ్డ వంశీయులు శ్రీమంతు రాజా యను గౌరవముతో దాని ననుభవించిరి. తమ్ముడగు దుర్గాప్రసాదనాయడుగారు జమీలో భాగమడిగిరి. అన్నగారగు మల్లికార్జునప్రసాదనాయడుగారు ఇది పంచరానిదనిరి. వ్యాజ్యము సముద్రము దాటి లండనులోని ప్రీవీకౌన్సిలునకు పోయెను. 1890లో అచ్చటి న్యాయాధిపతులు జమీ అవిభాజ్యమని తీర్పు చెప్పిరి. తమ్మునకు దక్కినది మనోవర్తి మాత్రమే. దానికై మరల వ్యాజ్యము నడచి, 1900లో అచ్చటనే తీరెను. నూజివీడు జమీని మాత్రము, దానికి సుమారు పదేండ్లు ముందుగా, 1802లో క్రొత్తగా నిచ్చినది గాన పంచవచ్చునని ఆ సభవారే చెప్పియుండిరి.

"1802లో ఇచ్చినవారెవరు?" అని మా కుమార్తె యడిగెను. జమీలకు శాశ్వత శిస్తు కట్టడి చేసిన ఆ యేట చెన్నపురి గవర్నరు ఎడ్వర్డు క్లైవు ప్రభువు. అతని తండ్రి రాబర్టు క్లైవు వంగదేశమునుండి పంపిన ఫోర్డు సేనానియే 1759లో ఫ్రెంచివారినుండి మన బందరుకోటను గైకొనెను. 1762లో రాబర్టునకు బారను బిరుదు వచ్చెను. 1774లో ఆయన గతింపగా అది పెద్దకొడుకైన ఎడ్వర్డునకు చేరెను.

ఈ ఎడ్వర్డు భార్య హెన్రియెట్టా కథయే మమ్ము నిలువరించినది. ఆమె వేల్సు దేశమున పొవిస్ ఎర్లు అను బిరుదు గల హెర్బర్టు వంశపు ఆడుబిడ్డ. 1800లో ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకొని నెలల తరబడి దక్షిణదేశము తిరిగి, దినచర్య వ్రాసికొన్న విదుషి. 1801లో ఆమె సోదరుడగు ఎర్లు అవివాహితుడై గతించెను. తోబుట్టువు బ్రతికియుండగనే, బిరుదు వారసుడు లేక అంతరించెను. 1804లో ప్రభుత్వమువారు ఆ బిరుదునే మరల కల్పించి ఆమె భర్తకిచ్చిరి. పొవిస్ ఆస్తి ఆమె కొడుకునకు చెందెను; అతడు 1807లో క్లైవను పేరు మాని హెర్బర్టను పేరు ధరించెను. ఆమె పుట్టినింటి పేరు భర్తకును వచ్చినది, కొడుకునకును వచ్చినది. ఆమెకు మాత్రము భార్యగానే గాని కూతురుగా రాలేదు. నేటికిని ఆ దేశపు వంశపారంపర్య బిరుదులలో పెక్కు పుత్రులకే చెల్లును.

"ఆమె నాకిమ్మని యడుగలేదా?" అనెను మా కుమార్తె.

"అడుగుట మాకెవరు నేర్పిరే తల్లీ! నా పుట్టినింటివారు కాగితము తెచ్చిననాడు నేను చదువకయే వ్రాలు చేసితిని. చీర పెట్టిరి, సంతోషించితిని" అనిరి అత్తగారు. ఈ మాట వారినోట మేమెన్నడును వినలేదు.

మన దేశమున 1948 చట్టముతో జమీలు పోయినవి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము ప్రభుత్వము బిరుదులిచ్చుట మాన్పినది. వీలునామా లేనిచో తండ్రి స్వార్జితమున కూతురికి కొడుకుతో సమభాగమని 1956 చట్టము చెప్పినది. పిత్రార్జితమునందును సమభాగమని 2005 సవరణ చెప్పినది. రాజుగారి తమ్మునకు లండను దాక పోయినను దొరకని భాగము, నేడు బడిపంతులుగారి యిల్లాలికి చట్టమే యిచ్చుచున్నది. అయినను దానిని నోరు విడిచి యడుగుట యెంత కష్టమో మీరెరుగుదురు. అన్నగారు మమ్ము భుజములపై నెక్కించుకొని తిరునాళ్లు చూపినవారు.

ఇల్లు చేరి, రెండు దినము లాలోచించి, "నీ యిష్టము" అని మావారనగా, ఇట్లు ఉత్తరము వ్రాసితిమి: "అన్నయ్యా, ఉగాదికి వచ్చెదము. అందరము కూర్చుండి నాన్నగారి లెక్కలు చూచుకొందము. నీవును మాకు కావలె. మా భాగమును మాకు కావలె." పత్రము వ్రాలు లేకయే పెట్టెలో నున్నది.

సోదరీమణులారా, ఇచ్చివేయదలచిన సంతోషముగా నిండు. కాని యిచ్చునదేదో చదివి, తెలిసి యిండు.