కొన్న ఆటగాళ్ళు, మన ఆటగాళ్ళు

సంక్రాంతి అయిపోయింది. పట్నం పిల్లలంతా మళ్ళీ రైళ్ళెక్కేశారు. కల్లాలు ఖాళీ అయ్యాయి, పొలాల్లో అపరాలు, మొక్కజొన్న నిలబడ్డాయి. కాస్త తీరిక దొరికింది కాబట్టి ఈసారి పంట గురించి కాకుండా ఆట గురించి రాస్తున్నాను. చివరిదాకా చదివితే ఇది కూడా పంట సంగతే అని మీకే అనిపిస్తుంది.

కనుమ నాడు మా ఊరి కబడ్డీ జట్టు ఫైనల్లో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. ఆ రాత్రే రామమందిరం అరుగు మీద పంచాయితీ మొదలైంది. "ఒక్క మంచి కూతగాడిని బయట నుంచి తెచ్చుంటే కప్పు మనదే. వచ్చే ఏడు డబ్బు నేనిస్తాను, నలుగురిని కొనీద్దాం" అన్నాడు ఊళ్ళో ఒక పెద్దాయన. సగం మంది చప్పట్లు కొట్టారు. నేను లేచి వద్దన్నాను. "నువ్వేటి వద్దనేది? మూడేళ్ళ కిందట కొందామన్నది నువ్వే కదేటి!" అని మొహం మీదే అడిగేశారు.

నిజమే. అన్నది నేనే. అందుకే ఈ పోస్టు.

మూడేళ్ళ కిందట పరిస్థితి ఇదీ. వరసగా నాలుగేళ్ళు పక్కూరి చేతిలో ఓడిపోయాం. వాళ్ళు మా చెరువు గట్టు మీద నుంచి ఈలలు వేసుకుంటూ పోయేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికి రెండొందలు చొప్పున వసూలు చేసి, ఇంకొంత మేం నలుగురం వేసుకుని, ఆటగాళ్ళను కుదిర్చే మధ్యవర్తి ద్వారా నలుగురిని తెచ్చాం. ఫోన్లో మెడల్సు వేసుకున్న ఫొటోలు చూపించారు. చూసి మురిసిపోయాం.

నలుగురు వస్తే మన నలుగురు కూర్చోవాలి కదా. అందులో ఒకడు నాకు మేనల్లుడి వరస. ఎడమ కార్నర్లో ఆడేవాడు. కాలిమడమ దొరికితే వదిలేవాడు కాదు. దసరా నుంచి పగలు కోతల కూలికెళ్ళి, రాత్రి లైటు కింద ప్రాక్టీసు చేశాడు. భోగి ముందు రోజు వాడిని పిలిచి, "ఈ ఏడుకి కూకోరా బావూ, వచ్చే ఏడు చూద్దుం" అన్నాను. వాడు తలూపి ఎలిపోనాడు. ఇంకేటి అనలేదు.

మొదటి రెండు ఆటలూ గెలిచాం. ఊరంతా నన్ను ఎత్తుకుంది. సెమీస్ మర్నాడు. ఆ రాత్రే తెచ్చిన నలుగురిలో ఇద్దరు, ఇంకో ఊళ్ళో ఆట ఒప్పుకున్నామని బండెక్కి పోయారు. మిగిలిన ఇద్దరికీ మా కుర్రాళ్ళ పేర్లు కూడా తెలీవు. కబడ్డీ చూసినవాళ్ళకి తెలుసు, కార్నర్, కవర్ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒకే ఊపిరిగా కదలాలి. ఒకడు ముందుకి దూకితే రెండోవాడు వెనక నిలబడిపోతే గొలుసు తెగిపోతుంది. మాది అలాగే తెగింది. పెద్ద తేడాతో ఓడిపోయాం.

సంక్రాంతి అయిన నాలుగో రోజు మా మేనల్లుడు చెన్నై రైలెక్కేశాడు, బిల్డింగు పనికి. వాళ్ళమ్మ మా గుమ్మం దగ్గరకొచ్చి, "ఆటాడనిస్తే ఉండిపోదునేమో అన్నాడు అన్నియ్యా" అంది. తిట్టలేదు, ఏడవలేదు. ఆ మాట మాత్రం ఇప్పటికీ నా గుండెల్లో ముల్లులా ఉంది.

తర్వాత ఒకసారి పని మీద విజయనగరం వెళ్ళినప్పుడు విజ్జీ స్టేడియం ముందు నుంచి వచ్చాను. ఈ విజ్జీ ఎవరా అని మా అబ్బాయిని అడిగితే ఫోన్లో చదివి వినిపించాడు, ఆ తర్వాత నేనూ వెతుక్కుని చదివాను. చదువుతుంటే నా కథే చదువుతున్నట్టు అనిపించింది.

ఆయన మన విజయనగరం రాజకుటుంబం బిడ్డ, పూసపాటి విజయానంద గజపతిరాజు. 1905లో పుట్టారు. కాశీలో ఉండేవారు, అక్కడే సొంతంగా క్రికెట్ మైదానం కట్టించి, 1926లో సొంత జట్టు పెట్టారు. 1930-31లో ఇంగ్లండు జట్టు మన దేశానికి రావాల్సిన పర్యటన రద్దయిపోయింది. అప్పుడు ఈయన తన జట్టును దేశమంతా, సింహళం దాకా తిప్పారు. అందులో ఆడటానికి ఇంగ్లండు నుంచి జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను రప్పించారు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అంత గొప్ప ఓపెనింగ్ జోడీ లేదు. ఆటగాడిని గుర్తుపట్టే కన్ను, తెచ్చుకునే చెయ్యి రెండూ ఉన్న మనిషి.

కానీ 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకి ఆయనే కెప్టెన్ అయ్యారు. ఆ జట్టులో సి.కె. నాయుడు గారున్నారు, విజయ్ మర్చంట్ ఉన్నాడు, ముస్తాక్ అలీ ఉన్నాడు, లాలా అమర్‌నాథ్ ఉన్నాడు. కెప్టెన్‌గారి బ్యాటు మాత్రం మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేసింది. మంచి ఊపు మీదున్న అమర్‌నాథ్‌ని మొదటి టెస్టుకి ముందే క్రమశిక్షణ పేరు చెప్పి ఓడెక్కించి ఇంటికి పంపేశారు. జట్టు రెండు ముక్కలైపోయింది, నాయుడు గారి పక్షం, రాజావారి పక్షం. మాంచెస్టర్లో మర్చంట్, ముస్తాక్ కలిసి మొదటి వికెట్టుకి 203 పరుగులు కొట్టారు కాబట్టి ఆ టెస్టు డ్రా అయింది. మిగతా రెండూ తొమ్మిదేసి వికెట్ల తేడాతో పోయాయి.

ఇందులో నాకు అర్థమైంది ఒకటే. ఆయనకి పోటీతత్వం తక్కువేం లేదు. పోటీ ఎవరితో అన్నదే తేడా. ఎదురుగా ఉన్న ఇంగ్లండుతో పడాల్సిన పోటీ, పక్కనే ఉన్న నాయుడు గారితో పడ్డారు. అందరినీ బాగా ఎంచిన మనిషి, తనని తాను ఎంచుకునే దగ్గర తప్పటడుగు వేశారు. ఒక మాట చెప్పాలి. తర్వాతి కాలంలో ఆయన ఉత్తరప్రదేశ్ క్రికెట్‌ను నిలబెట్టారు. అదే నాయుడు గారు 1956-57లో, 61 ఏళ్ళ వయసులో ఉత్తరప్రదేశ్ తరఫునే రంజీ ఆడారు. మనిషి మారగలడు అనడానికి ఇదో సాక్ష్యం.

మరి నేను చేసిందేమిటి? పక్కూరి ఈలలకి నా పరువు పోయిందని డబ్బు తీశాను. మా పెద్దల్లో ఒకరు తన కొడుకుని కెప్టెన్ చెయ్యాలని, ఇంకొకరు తన తమ్ముడి కొడుకుని దించకూడదని. లోపల ఇన్ని పోటీలు పెట్టుకుని బయట ఎలా గెలుస్తాం?

డబ్బుంటే చాలు అనుకునేవాళ్ళకి ఇంకో లెక్క చెప్తాను. 2023లో ప్రో కబడ్డీ వేలంలో మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల పైచిలుకు పెట్టి కొంది. ఒక్కో జట్టు పెట్టుకోగలిగేదే మొత్తం 5 కోట్లు. అంటే సంచిలో సగానికి పైగా ఒక్కడికే. పవన్ మామూలు ఆటగాడు కాదు, అప్పట్లో దేశానికి కెప్టెన్. అయినా ఆ సీజన్లో టైటాన్స్ 22 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున మిగిలింది. అతని తప్పు కాదు. ఒక్కడు కూతకెళ్ళి పాయింట్లు తెస్తే, పట్టే ఆరుగురు వాటిని కాపాడాలి కదా. మరుసటి సీజన్లో చుట్టూ మనుషుల్ని కాస్త కుదురుగా అమర్చుకుంటే అదే జట్టు పన్నెండు ఆటలు గెలిచింది.

మా ఊరి కుర్రాడొకడు ఆస్ట్రేలియాలో మెల్బోర్న్‌లో ఉంటాడు. అక్కడ వాళ్ళదో ఫుట్‌బాల్ ఉంది. కోడిగుడ్డు ఆకారం బంతి, పెద్ద గుండ్రటి మైదానం, జట్టుకి పద్దెనిమిది మంది. అక్కడి పద్ధతి విని ఆశ్చర్యపోయాను. ఏ జట్టు అన్నిటికన్నా కింద మిగిలిందో, కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే మొదటి అవకాశం దానికే. జీతాలకి కూడా హద్దు ఉంటుంది, డబ్బున్నోడు అందరినీ కొనేసుకోలేడు. అందుకని ప్రతి జట్టూ పల్లెలు పట్నాలు తిరిగి, ఎవరికీ కనబడని కుర్రాణ్ణి ముందుగా పట్టుకోవాలని చూస్తుందట. డబ్బు కట్టేస్తే కన్ను తెరుచుకుంటుందన్నమాట.

అంత దూరం ఎందుకు, మన దగ్గరే లేదా? నెల్లిమర్ల మండలం కొండవెలగాడ వెళ్ళి చూడండి. ఇంటింటికీ బరువులెత్తే పిల్లలు. ఆ ఊరి ఆడపిల్ల మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి సంగతి అందరికీ తెలుసు. 2000లో సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ పిల్లల్ని ఎవరూ వేలంలో కొనలేదు. నీలంశెట్టి అప్పన్న గారి లాంటి గురువు పక్కనే ఉండి, కళ్ళెదుట ఉన్న పిల్లల్లో బలం చూశాడు. అంతే.

రైతుకి ఇది కొత్త సంగతా చెప్పండి. ఒక ఏడు, ఎక్కడో బాగా పండిందని విని ఖరీదైన రకం తెచ్చి మా పల్లంలో వేశాను. నీరు నిలిచి పైరంతా పడిపోయింది. విత్తనం చెడ్డది కాదు, నా మడికి పనికొచ్చేది కాదు. ముంపు మడికి ముంపు తట్టుకునే రకం, గరువుకి గరువు రకం. మన రాగోలు పరిశోధనా కేంద్రం శ్రీకాకుళం సన్నాలు రకం తీసింది ఈ నేలని చూసుకునే కదా. ఆటగాడూ అంతే. ముందు మన మడిలో ఏం లోటుందో తెలియాలి, తర్వాతే విత్తనం.

అందుకని రెండేళ్ళ కిందట కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం.

ఒకటి, ఉభాలు అయి గాబు తీసిన తర్వాత, దసరాకి ఊళ్ళో కుర్రాళ్ళందరికీ ఎంపిక. ఎవరి పిల్లాడు బరిలో ఉంటే ఆ పెద్దమనిషి ఎంపికలో కూర్చోకూడదు. ఇది నాకూ వర్తిస్తుంది.

రెండు, పేరుని చూసి కాదు, పనిని చూసి తీసుకోవాలి. తాటిచెట్టెక్కే కుర్రాడి పట్టు చూడండి, చెయ్యి విడిపించుకోగలరా? తెంపుకుపోయిన గేదెదూడని పరిగెత్తి పట్టేవాడు కవర్లో అడ్డం నిలబడితే ఎవడూ దాటలేడు. చెరువు ఈది ఆ గట్టుకెళ్ళేవాడికి కూత తెగదు. వీళ్ళు ముగ్గురూ అంతకుముందు మా జట్టులో లేరు. ఎవరూ అడగలేదు మరి.

మూడు, బయట మనిషి అస్సలు వద్దని కాదు. మా లోటు ఆడేవాడు కాదు, నేర్పేవాడు. అందుకని రిటైరైన ఒక పీఈటీ మాస్టారి ఇంటికెళ్ళి బతిమాలాం. డబ్బు వద్దన్నారు. ఏడాదికి సరిపడా బియ్యం, కందిపప్పు పంపిస్తున్నాం.

నాలుగు, కూర్చోబెట్టినవాడికి ఎందుకు కూర్చోబెట్టామో చెప్పాలి. ప్రతి ఆటలో ఒక్క నిమిషమైనా దించాలి.

ఇవి రాసుకున్న రాత్రే మేనల్లుడికి ఫోన్ చేశాను. "తప్పు నాదే రా బావూ, దసరాకి రా" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఈపాలి కూకోమనవు కదా మామా?" అన్నాడు. వచ్చాడు. ఆ ఏడు సెమీస్‌లో రెండు పాయింట్లతో పోయాం. ఈ ఏడు ఫైనల్లో ఒక్క పాయింటు.

ఇప్పుడు మళ్ళీ అరుగు మీదకి వద్దాం. ఒక కూతగాడిని కొనుంటే గెలిచేవాళ్ళమా? గెలిచేవాళ్ళమేమో. కాదని నేను దబాయించను. కానీ ఆ ఒక్క పాయింటు కోసం ఎవరిని కూర్చోబెడదామో వాడి పేరు చెప్పండి, వాళ్ళమ్మకి ఆ మాట మీరే వెళ్ళి చెప్పండి అన్నాను. అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. డబ్బిస్తానన్న పెద్దాయన కాసేపాగి, "అయితే ఆ డబ్బుతో మ్యాట్లు కొందాం" అన్నాడు. పిల్లల మోకాళ్ళు బతుకుతాయి. ఆయనకి ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను.

ఆట వల్ల వలస ఆగిపోయిందని అబద్ధం చెప్పలేను. మేనల్లుడు మొన్న మళ్ళీ చెన్నై ఎలిపోనాడు. ఇక్కడ పనుంటే కదా ఉండటానికి. స్టేషన్లో దిగబెట్టడానికి నేనే బండి మీద తీసుకెళ్ళాను. రైలు కదిలాక కిటికీలోంచి అడిగాడు: "మామా, దసరాకి ఏ రోజు మొదలెడతారు? ఇప్పుడే సెలవు చెప్పీసుకుంటాను."

మీ ఊళ్ళో జట్టు ఎలా కడుతున్నారు? కొంటున్నారా, పెంచుతున్నారా? కూర్చోబెట్టిన కుర్రాడు ఎవడైనా ఉంటే ఈ రోజే ఒక ఫోన్ చెయ్యండి.

ఉంటాను మరి. మొక్కజొన్నకి నీళ్ళు పెట్టాలి.