మన చిన్న రైలు జమాఖర్చులు

బరంపురం తెలుగు కుటుంబాల్లో టెక్కలి వైపో, పాతపట్నం వైపో, పర్లాకిమిడి వైపో ఒక మేనత్తో, ఒక పినతండ్రో లేని ఇల్లు అరుదు. మా మేనత్తది పాతపట్నం. వేసవి సెలవులు ఇచ్చారంటే చాలు, అమ్మ పెట్టె సర్ది, అత్తయ్య కోసం బరంపురం అప్పడాల కట్ట ఒకటి సంచిలో భద్రంగా పెట్టేది. నౌపడ దాకా సుమారు నూరు కిలోమీటర్లు పెద్ద రైలు. అక్కడ పెట్టే బేడా దింపుకుని, పక్కనే బొమ్మలా నిలబడి ఉన్న సన్నరైలు ఎక్కాలి. ఊరి బయట ఉప్పు మడుల్లో తెల్లని కుప్పలు ఎండకు మెరుస్తుంటే మేము కిటికీ కోసం కొట్టుకునేవాళ్ళం. కిటికీ దక్కినవాడి కంట్లో బొగ్గు నలుసు పడేది. దక్కనివాడు సంతోషించేవాడు. ఇది 1970ల నాటి మాట.

ఆ సన్నరైలు ఇప్పుడు లేదు. 2004 జూన్ 9న ఆఖరిసారి నడిచింది. తర్వాత పట్టాలు వెడల్పు చేసి, 2011లో గుణుపురం దాకా పెద్ద బండి వేశారు. పూరీ నుంచి మన బరంపురం మీదుగా వచ్చే బండి ఇప్పుడు నేరుగా గుణుపురం పోతుంది. నౌపడలో బండి మారే బాధ లేదు. మొన్న మాఘమాసంలో పర్లాకిమిడిలో బంధువుల పెళ్ళి ఉంటే మా ఆవిడా నేనూ ఆ బండిలోనే వెళ్ళాం. టెక్కలి దాటేసరికి మా పెట్టెలో పట్టుమని పదిమంది కూడా మిగల్లేదు.

ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కాళ్ళు చాపుకుంటూ, "చూశారా, ఖాళీ పెట్టెలు ఈడ్చుకుపోవడానికి ఇంత కరెంటు, ఇంతమంది సిబ్బంది! దీన్ని ఆపేసి నాలుగు బస్సులు వేస్తే పోదా? మీరు బ్యాంకు మనిషినంటున్నారు గదా, మీరే చెప్పండి" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. మా ఆవిడ మాత్రం, "ఊళ్ళో అందరికీ లెక్కలు చెబుతారు, ఆయనకేం చెప్పలేకపోయారేం?" అని దెప్పింది. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు పాత పుస్తకం తిరగేద్దాం. పర్లాకిమిడి మహారాజు గౌరచంద్ర గజపతి నారాయణ దేవ్ తన రాజధానిని నౌపడ దగ్గర పెద్ద లైనుతో కలపాలని సంకల్పించారు. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలతో, సుమారు 40 కిలోమీటర్ల దారి, దాదాపు 7 లక్షల రూపాయల ఖర్చు. 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. మా బ్యాంకువాళ్ళకు ఏప్రిల్ ఒకటి అంటే కొత్త పద్దు మొదలయ్యే రోజు. ఈ రైలు పద్దు కూడా ఆ రోజే మొదలైందన్నమాట. మొదటి పేజీల్లో ఉన్నది నష్టమే. 1902లో దీన్ని నడిపే బాధ్యత బెంగాల్ నాగపూర్ రైల్వే తీసుకుంది. 1910 దాటాక గాని కాస్త లాభం కనిపించలేదు. 1924-25 తర్వాత ఆదాయం మెరుగుపడింది. అప్పుడు దారిని ముందుకు సాగదీసి, 1929లో కొంత, 1931లో మిగిలినదీ పూర్తి చేసి గుణుపురం చేర్చారు. మొత్తం సుమారు 90 కిలోమీటర్లయింది. మొదటి పదేళ్ళ లెక్క చూసి మూసేసి ఉంటే గుణుపురం రైలు మొహం చూసి ఉండేది కాదు.

మరో ఏప్రిల్ ఒకటి కూడా ఈ కథలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రం నుంచి అటు వెళ్ళాయి. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటే ఉండిపోయాయి. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య మహేంద్రతనయ నది ఒక్కటే అడ్డం. వియ్యంకులిద్దరూ ఒక్క పూటలో రెండు రాష్ట్రాలవారయ్యారు. 1880లో బడిపంతులుగా పర్లాకిమిడి వచ్చి, సవర భాషకు జీవితం ధారపోసి, మన వాడుక భాషకు పట్టం కట్టించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడే ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. రైలు మాత్రం ఎప్పటిలాగే రెండు ఒడ్డులనూ కలుపుతూ నడిచింది. ఆనాడు గంజాం జిల్లాలో ఉన్న పర్లాకిమిడి 1992 నుంచి గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. సరిహద్దులు ఇన్నిసార్లు మారినా చుట్టరికాలు మారలేదు.

ఇక నా సొంత పద్దు. 2000 సంవత్సరంలో నాకు గుణుపురం బ్రాంచికి బదిలీ అయింది. పాప చదువు కోసం కాపురం పర్లాకిమిడిలో పెట్టాను. సోమవారం పొద్దున సన్నరైల్లో వెళ్ళడం, శనివారం ఒంటిపూట బ్యాంకు అయ్యాక తిరిగి రావడం. మొదటి రెండు వారాలు బుద్ధిగా టికెట్టు కొన్నాను. ఒకరోజు ఆలస్యమై పరుగున ఎక్కేశాను. ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఆలస్యం కాని రోజున కూడా ఆలస్యమైనట్టే ఎక్కడం అలవాటైంది. టికెట్టు ధర నా జీతంలో లెక్కలోకి వచ్చేది కాదు. అందుకే కొనలేదేమో కూడా!

ఒక సోమవారం కాశీనగరంలో ఒక ముసలమ్మ చింతపండు బుట్టతో ఎక్కి నా ఎదుట చతికిలబడింది. చూస్తే మా బ్రాంచిలో గేదె కోసం అప్పు తీసుకున్నావిడ. మూడు వాయిదాలు బాకీ. నాలోని అధికారి మేలుకున్నాడు.

"ఏం మామ్మా, బ్యాంకు మొహమే చూడ్డం లేదు?" అన్నాను.

"కడతాను బాబూ, ఎగ్గొట్టి ఎక్కడికి పోతాను? బుట్ట అమ్ముడైతే సాయంత్రం వచ్చి ఒక వాయిదా కట్టేస్తాను" అంటూ కొంగు ముడి విప్పింది. డబ్బు చూపించడానికి కాబోలు అనుకున్నాను. ముడిలోంచి తీసింది రైలు టికెట్టు. "ఇదిగో, ముందు దీనికే పెట్టాను. మీ టికెట్టు ఏదీ బాబూ?" అంది.

ఆమె వేళాకోళానికే అంది. పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, గుణుపురం వచ్చేదాకా తల ఎత్తలేకపోయాను. సాయంత్రం ఆమె అన్నమాట ప్రకారం వచ్చి ఒక వాయిదా కట్టి వెళ్ళింది. నా బాకీ మాత్రం అలాగే ఉంది. ఈ లైను నష్టాల్లో నడుస్తోందని పేపర్లో చదివి, మనవాళ్ళకు పట్టదని విసుక్కున్న రోజులవి. ఆ నష్టంలో నా వాటా కూడా ఉందని ఆ ముసలమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు.

అంచేత పెద్దమనిషికి నా మొదటి జవాబు ఇది. ఖాళీగా కనిపించే బండి ఎంత ఖాళీగా ఉందో తెలియాలంటే ఎక్కినవాళ్ళందరూ లెక్కలోకి రావాలి. టికెట్టు కొననివాడు బండిలో ఉన్నా పుస్తకంలో లేడు.

రెండో జవాబు మా వృత్తి నుంచి చెబుతాను. పల్లెటూరి బ్రాంచి డిపాజిట్లు సేకరిస్తుంది, పట్నం బ్రాంచి అప్పులిస్తుంది. వడ్డీ అంతా పట్నం ఖాతాలో వేసి, పల్లె బ్రాంచి నష్టంలో ఉందంటే అది అన్యాయం. అందుకే మేము బ్రాంచీల మధ్య లెక్క సర్దుతాం. శాఖా రైలు మార్గం కూడా అలాంటిదే. గుణుపురంలో ఎక్కి పూరీ వెళ్ళే ప్రయాణికుడు కొన్న టికెట్టులో గుణుపురం లైను వంతు 90 కిలోమీటర్లే. మిగిలిన దూరమంతా పెద్ద లైను ఆదాయం. చిన్న లైను తీసేస్తే ఆ ప్రయాణికుడు నౌపడ దాకా బస్సులో వచ్చి పెద్ద రైలు ఎక్కుతాడన్న నమ్మకం లేదు. బస్సు ఎక్కినవాడు బస్సులోనే పోతాడు.

ఇంగ్లండులో ఈ పాఠం ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. 1963లో బీచింగ్ అనే ఆయన నష్టాల లెక్క తీసి, సుమారు 5,000 మైళ్ళ మార్గం, రెండు వేలకు పైగా స్టేషన్లు మూసెయ్యమన్నాడు. చాలామటుకు మూసేశారు. స్కాట్లండులో ఎడిన్‌బరో నుంచి సరిహద్దు ఊళ్ళకు పోయే లైను 1969లో మూసి, మళ్ళీ 2015లో కొంత దూరం కొత్తగా వేసుకోవలసి వచ్చింది. మన దేశంలోనూ 1969లో గిట్టుబాటు కాని శాఖా మార్గాల సంగతి తేల్చడానికి ఒక కమిటీ వేశారు. మన సన్నరైలు ఆ గండాలన్నీ దాటింది. 1992లో దేశమంతటా ఒకే వెడల్పు పట్టాలన్న పథకం మొదలయ్యాక, దీనికి 2002లో శంకుస్థాపన జరిగింది. మూసివేతకు బదులు వెడల్పు దక్కింది. అదృష్టమే.

అలాగని పెద్దమనిషి మాట కొట్టిపారేయను. 2004 తర్వాత ఏళ్ళ తరబడి బండి లేక జనం బస్సులకూ, జీపులకూ అలవాటుపడ్డారు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి పాసింజర్లన్నీ ఆగాయి. మళ్ళీ మొదలైనప్పుడు 10 రూపాయల కనీస ఛార్జీ 30 అయింది. 2024 ఫిబ్రవరిలో గాని తిరిగి 10కి రాలేదు. ఈ లైనులో రోజుకు నడిచే బండ్లు ఇప్పటికీ వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. సంత వేళకూ, కాలేజీ వేళకూ కుదరని బండి ఎంత చవకైనా ఎవరికి కావాలి? దుకాణం అర్ధరాత్రి తెరిచి, బేరాలు లేవని మూసేసినట్టుంటుంది.

ఇంకొక సంగతి. 2024 ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఎనిమిది కొత్త రైలు మార్గాల్లో గుణుపురం - తెరువలి ఒకటి. 73.62 కిలోమీటర్లు. అది పూర్తయితే మన లైను విజయనగరం - రాయపూర్ లైనుతో కలుస్తుంది. గుణుపురంతో ఆగిపోయే దారి కాస్తా రెండు వైపులా ద్వారాలున్న దారి అవుతుంది. గూడ్సు బండ్లు వస్తాయి, ఆదాయం వస్తుంది. పట్టాలకు ఇక భయం లేదు. నా భయమల్లా పాసింజరు గురించే. గూడ్సుకు దారి వదులుతూ మన బండి పక్క లైనులో పడిగాపులు కాస్తే, ఉన్న నలుగురూ దిగిపోతారు. పట్టాలు బతికి, పాసింజరు చచ్చిపోవచ్చు. అడగవలసినవాళ్ళు ఇప్పుడే అడగాలి.

పెళ్ళి నుంచి తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఒక కుటుంబం బరంపురం పెద్దాసుపత్రికి వస్తూ కనిపించింది. తండ్రిని బల్ల మీద పడుకోబెట్టి, కొడుకు కింద కూర్చున్నాడు. "బస్సులో నాన్న ఇంతసేపు కూర్చోలేడండి" అన్నాడు. వాళ్ళు వచ్చేది 1962లో మొదలైన మన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికే. గౌరచంద్ర గజపతిగారి కుమారుడే ఆ కృష్ణచంద్ర గజపతి. తండ్రి వేయించిన దారిన కొడుకు పేరున్న ఆసుపత్రికి రోగులు వస్తున్నారు. పెట్టె సగం ఖాళీగా ఉండబట్టే ఆ ముసలాయనకు పడుకోవడానికి చోటు దొరికింది. ఈ జమ ఏ పద్దులో రాయాలో నా బి.కామ్. చదువులో చెప్పలేదు.

కాబట్టి ఈ బండి ఉండాలన్నదే నా జవాబు. అయితే వేళలు మనుషులకు కుదిరేలా మార్చాలి. అది రైలువారి వంతు. మన సంఘం తరఫున ఒక వినతిపత్రం పంపుదామని కార్యవర్గానికి చెప్పాను. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపురంలో బంధువులున్నవారు మీకు ఏ వేళ బండి కావాలో రాసి ఇస్తే అందులో చేరుస్తాం.

మన వంతు కూడా ఒకటుంది. ఈ దసరాకు అత్తవారింటికో, మేనత్త ఇంటికో వెళ్ళేవారు ఒక్కసారి కారు ఇంట్లో ఉంచి ఈ బండిలో వెళ్ళండి. అప్పడాల కట్ట మరిచిపోకండి. టికెట్టు అసలే మరిచిపోకండి. ఎదురుగా ఏ మామ్మ కూర్చుని అడుగుతుందో చెప్పలేం.