గమ్యం చేరని ఉత్తరాల తీరం

ఫ్రాన్సు దేశపు నైరుతి కొసన, స్పెయిన్ సరిహద్దుకు సమీపంలో, నివెల్ నది సముద్రంలో కలిసే చోట వెలసిన రేవు పట్టణం సాన్ జాన్ ద లూజ్. 1660లో పద్నాలుగవ లూయీ రాజు వివాహం జరిగిన చర్చిని దర్శించడానికి యాత్రికులు ఇక్కడికి వస్తుంటారు. మేమూ ఆ చర్చిని, అందులో అంతస్తులుగా లేచిన కొయ్య వసారాలను చూశాము. అయితే మమ్మల్ని ఈ ఊరికి రప్పించినవి రాజవైభవ చిహ్నాలు కావు. ఈ తీరపు సామాన్య గృహిణులు రాసిన ఉత్తరాలు.

ఇక్కడి వీధుల పేర్ల పలకలపై ఫ్రెంచితో పాటు బాస్క్ భాష కూడా కనిపిస్తుంది. ప్రపంచంలోని మరే సజీవ భాషతోనూ దీనికి బంధుత్వం రుజువు కాలేదు. ఈ సీమ పేరు లపుర్ది. దీనికి తనదైన మాండలికం ఉంది. బాస్క్‌లో తొలి పుస్తకం 1545లోనే అచ్చయింది. కాని ఆనాటి నుండి చాలాకాలం వెలువడిన గ్రంథాలలో మతసంబంధమైనవే అధికం. ఇంటిలో మాట్లాడుకునే భాష కాగితానికెక్కడం అరుదు.

పద్దెనిమిదవ శతాబ్దంలో ఇక్కడి పురుషులు చేపల వేటకూ, ఓడ పనులకూ అట్లాంటిక్ దాటి, నేటి కెనడాలో ఉన్న లూయీబర్గ్ రేవుకు వెళ్ళేవారు. 1757లో, సప్తవర్ష సంగ్రామ కాలాన, 'దోఫన్' అనే ఓడ బయోన్ నుండి అక్కడికి ఉత్తరాలతో బయలుదేరింది. మార్గమధ్యంలో ఆంగ్లేయులు దానిని పట్టుకొన్నారు. పట్టుబడిన ఓడ శత్రువులదేనని నౌకా న్యాయస్థానంలో నిరూపించడానికి అందులోని కాగితాలు దాఖలు చేసేవారు. ఆ విధంగా ఈ ఉత్తరాలు లండన్ చేరి, నేటికీ అక్కడి క్యూ ప్రాంతంలోని జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి.

వాటిలో సుమారు 50 ఉత్తరాలు బాస్క్‌లో ఉన్నాయి. రాసినవారిలో, రాయించినవారిలో అధికులు స్త్రీలే. చరిత్రకారుడు శాబియర్ లమికిజ్, మరి ఇద్దరు పరిశోధకులు 2015లో వీటిని గ్రంథరూపంలో వెలువరించారు. ఆ గ్రంథం పేరుకు 'దయచేసి ఇంటికి రండి' అని అర్థం. క్షేమ సమాచారాలు, మరణ వార్తలు, డబ్బు ఇబ్బందులు, ఎదురుచూపులు - బదిలీలపై దూరాన పనిచేసిన మన ఉద్యోగుల కుటుంబాలకు ఈ విషయాలు కొత్త కావు. బడిలో బాస్క్ నేర్పేవారు లేరు గనుక, నోట పలికినట్లే అక్షరాలు పేర్చారు. పండితులు తప్పులనుకోదగిన ఆ రాతల వల్లనే లపుర్ది పలుకుబడి నేడు భాషా శాస్త్రజ్ఞులకు వినబడుతున్నది. భర్తలకు అందవలసిన మాటలు భావితరాలకు అందాయి. ఆ ఇల్లాండ్రకు మాత్రం బదులు రాలేదు.

ఫ్రాన్సులో బాస్క్‌కు నేటికీ అధికార భాషా ప్రతిపత్తి లేదు. అయినా 1969 నుండి ఈ సీమలో తల్లిదండ్రులు పూనుకొని 'ఇకస్తొలా' లనే బాస్క్ పాఠశాలలు నెలకొల్పుతూ వచ్చారు. అక్కడ చదువుకున్న పిల్లలు ఆ ఉత్తరాలను, కొద్దిపాటి శ్రమతోనైనా, అనువాదం అక్కరలేకుండా చదువుకోగలరు. ఈ తీరంలో మాకు మిక్కిలి సంతోషం కలిగించిన విషయం అదే.